ఆశకు వారానికొక రోజు

(మాస్టారి స్మారకోపన్యాస పాఠం)



ఈసారి వేల్స్ తీరం గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. ఏడాదికొకసారి దొరికే గంటలో పరాయి దేశపు సముద్రపొడ్డు గోల ఎందుకని వాళ్ళ సందేహం. న్యాయమైన సందేహమే. నా జవాబు వినండి. మాస్టారు ఆదివారం పొద్దున చర్చిలో సండే స్కూలు నడిపేవారు. సాయంత్రం ఇదే హాల్లో ఉపాధ్యాయ సంఘం మీటింగు నడిపేవారు. చర్చిలో ఆయన్ని కమ్యూనిస్టు అనేవారు, సంఘంలో పాస్టరుగారు అనేవారు. ఆయన రెండు పిలుపులకూ పలికేవారు. దేవుడూ రాజకీయమూ ఒక మనిషిలో తగువు పడకుండా ఎలా సర్దుకుంటాయని అడగడానికి నాకెప్పుడూ ధైర్యం చాలలేదు. తర్వాత డాక్టరుగా వేల్స్‌లో పనిచేసిన కాలంలో, సెలవు దొరికినప్పుడల్లా తీరం వెంట నడుస్తుంటే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనుషుల ఊళ్ళు వరసగా తగిలాయి. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు దారి సంగతి. వేల్స్ జనాభా 31 లక్షలు. మూడు వైపులా సముద్రం. ఇంగ్లండు సరిహద్దులో చెప్‌స్టో దగ్గర మొదలై, దక్షిణ తీరం, పడమటి తీరం, ఉత్తర తీరం చుట్టి, చెస్టర్ పక్కన డీ నది దాకా పోయే కాలిబాట పొడవు 870 మైళ్ళు, అంటే 1,400 కిలోమీటర్లు. 2012 మే 5న తెరిచారు. ఒక దేశపు తీరం మొత్తాన్ని వెంబడించే కాలిబాట ప్రపంచంలో ఇదే మొదటిదని వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఇందులో పెంబ్రోక్‌షైర్ భాగం పాతది, 186 మైళ్ళు, 1970 నాటిది. రోనాల్డ్ లాక్లీ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1950ల మొదట్లో ఆ కొండగట్లన్నీ తిరిగి దారి గీశాడు. ఆ ఒక్క భాగంలో ఎక్కే ఎత్తులన్నీ కూడితే 35,000 అడుగులట. ఎవరెస్టు కంటే ఎక్కువ. మోకాళ్ళ డాక్టర్లు ఆ దారికి రుణపడి ఉన్నారు.

చాలాచోట్ల బాట రైతుల సొంత పొలాల్లోంచి పోతుంది. గేటు తీసి, మళ్ళీ వేసి, గొర్రెల మధ్యనుంచి మనం దర్జాగా నడిచిపోవచ్చు. అడిగేవాడుండడు, అది మన హక్కు. 1949లో లేబర్ ప్రభుత్వం నేషనల్ పార్కుల చట్టం తెచ్చినప్పుడు, ఊరూరా ఉన్న కాలిబాటల్ని సర్వే చేసి పటంలో ఎక్కించాలని అందులో రాశారు. యుద్ధం ముగిసి నాలుగేళ్ళే అయింది. దేశం అప్పుల్లో ఉంది. మాంసం, పంచదార ఇంకా రేషన్లోనే ఇస్తున్నారు. అలాంటప్పుడు కూలివాడు ఆదివారం పూట ఎక్కడ నడవాలన్న సంగతి పార్లమెంటు చర్చించింది. రిసార్టు ప్రహరీ పక్కనుంచి ఇసుకలోకి దిగడానికి వాచ్‌మన్‌ని బతిమాలుకునే మనకు ఇది వింతగానే ఉంటుంది.

దక్షిణ తీరంలో పోర్త్‌కాల్ అని చిన్న విహారస్థలం ఉంది. ఐస్‌క్రీము బళ్ళు, పాతకాలపు హోటళ్ళు, గ్రాండ్ పెవిలియన్ అనే గుమ్మటం హాలు. 1957 అక్టోబరులో గని కార్మికులు ఏటా జరుపుకునే పాటల పండగ అక్కడ జరిగింది. ముఖ్య గాయకుడు నల్లజాతి అమెరికన్ పాల్ రోబ్సన్. కానీ ఆయన రాలేడు. అమెరికా ప్రభుత్వం 1950లోనే ఆయన పాస్‌పోర్టు రద్దు చేసింది. కార్మికులు ఊరుకోలేదు. అట్లాంటిక్ అడుగున కొత్తగా వేసిన టెలిఫోను తీగను వాడుకున్నారు. రోబ్సన్ న్యూయార్కులో ఒక స్టూడియోలో నిలబడి పాడితే, పోర్త్‌కాల్‌లో అయిదు వేల మంది విన్నారు. వాళ్ళు తిరిగి పాడితే అక్కడ ఆయన విన్నాడు. రోబ్సన్ తండ్రి బానిసత్వం నుంచి పారిపోయి బయటపడి, పాస్టరు అయినవాడు. ఆ ఇంటి పాటలు, వేల్స్ చాపెళ్ళలో కార్మికులు పాడే కీర్తనలు ఒకే గోత్రంవి. ఎర్రజెండా మనుషులు, ప్రార్థన మందిరం పాటలు. ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదు. మాస్టారు ఆ హాల్లో ఉంటే ముందు వరసలో కూర్చునేవారు.

చాపెల్ అన్నాను. వేల్స్‌ని అర్థం చేసుకోవాలంటే ఇది తెలియాలి. ఇంగ్లండు రాజు మతపెద్దగా ఉండే ఆంగ్లికన్ చర్చి వేరు, జనం సొంత డబ్బుతో కట్టుకున్న చాపెళ్ళు వేరు. పంతొమ్మిదో శతాబ్దంలో చిన్న ఊళ్ళోనూ రెండు మూడు ఉండేవి. బాప్టిస్టులది ఒకటి, ఇండిపెండెంట్లది ఒకటి, మెథడిస్టులది ఒకటి. ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. అయితే ఆ గోడల మధ్య జరిగిన పని చూడండి. పెద్దవాళ్ళు చదవడం నేర్చుకున్నారు. నలుగురిలో లేచి మాట్లాడటం నేర్చుకున్నారు. పెద్దల్ని ఎన్నుకోవడం, చందా లెక్క రాయడం, మినిట్సు రాయడం, నాలుగు శ్రుతుల్లో కలిసి పాడటం నేర్చుకున్నారు. తర్వాత గని యూనియన్లలో నిలబడినవాళ్ళు చాలామంది ఈ బడిలో తయారైనవాళ్ళే. చెడు కూడా చెప్పాలి. పెళ్ళికాకుండా కడుపొచ్చిన ఆడపిల్లను సంఘంలోంచి వెలివేసిన చోటు కూడా అదే చాపెల్. ఆదివారం కల్లు దుకాణం తెరవకూడదని 1881లో చట్టం తెప్పించుకున్నారు. ల్లీన్ ద్వీపకల్పం ఉన్న ద్వైవోర్ జిల్లాలో 1996 దాకా ఆదివారం మందు దొరికేది కాదు. నడిచి నడిచి దాహంతో చేరినవాడికి ఆ దైవభక్తి మీద మంచి అభిప్రాయం కలగడం కష్టం.

పోర్త్‌కాల్ నుంచి పడమటికి నడిస్తే పోర్ట్ టాల్బట్ ఉక్కు ఫ్యాక్టరీ. 2007లో టాటాలు కోరస్ కంపెనీని కొన్నప్పుడు ఇదీ వాళ్ళ చేతికొచ్చింది. 2024 జూలైలో ఒక బ్లాస్ట్ ఫర్నేసు ఆర్పారు, సెప్టెంబరు 30న రెండోదీ ఆర్పేశారు. తుక్కు ఇనుము కరిగించే విద్యుత్ కొలిమి దాని స్థానంలో వస్తుంది. అందుకు ప్రభుత్వం 50 కోట్ల పౌన్లు ఇస్తోంది. దాదాపు 2,800 ఉద్యోగాలు పోతాయని చెప్పారు. విశాఖ ఉక్కు కోసం టెంట్లు వేసుకుని కూర్చున్నవాళ్ళు ఈ సభలో ఉన్నారు, ఆ ఊరి మొహం ఎలా ఉంటుందో వాళ్ళకి నేను వర్ణించక్కర్లేదు. వైద్యుడిగా నేను గమనించింది ఒకటుంది. ఇది పరిశోధన కాదు, పేషెంట్లను చూసి చూసి ఏర్పడిన అభిప్రాయం. పని పోయిన మగవాళ్ళలో, ప్రతి గురువారం బృందగానం రిహార్సలుకు వెళ్ళేవాడు తట్టుకునేవాడు. ఇంట్లో టీవీ ముందు కూర్చుని వార్తలకు తిట్టేవాడు తట్టుకోలేకపోయేవాడు. ఇద్దరికీ భవిష్యత్తు మీద ఉన్న అంచనా ఒకటే, ఇద్దరూ నమ్మకం లేనివాళ్ళే. అయినా ఒకడికి గురువారం ఉంది.

నా ఉపన్యాసంలో చెప్పదలుచుకున్న మాట దాదాపు ఇదే. ఆశ అంటే రేపు బాగుంటుందన్న లెక్క అనుకుంటాం. ఈ తీరంలో నాకు కనిపించిన మొండి మనుషులెవరికీ ఆ లెక్క లేదు. గెలుస్తామని ఎవరూ అనుకోలేదు. వాళ్ళని నిలబెట్టింది వారం వారం కలిసే ఒక చోటు.

లాంగెన్నెఖ్ అని ల్లనెల్లీ పక్కన ఊరు. 1952లో అక్కడ ఐలీన్ బీస్లీ, ట్రెవర్ బీస్లీ అనే భార్యాభర్తలు ఇంటిపన్ను కట్టం అన్నారు. ఎగ్గొట్టే ఉద్దేశం లేదు. నోటీసు వెల్ష్ భాషలో ఇస్తే కడతాం అన్నారు. ఆ ఊళ్ళో నూటికి తొంభై మంది మాట్లాడేది వెల్షే. కౌన్సిలు సభ్యులు మాట్లాడేదీ అదే. కాగితం మాత్రం ఇంగ్లీషులోనే రావాలి. ట్రెవర్ గని కార్మికుడు. ఎనిమిదేళ్ళలో పదహారుసార్లు కోర్టుకు వెళ్ళారు. అమీనా వచ్చి కుర్చీలు, బల్లలు, చివరికి పియానో కూడా జప్తు చేసి పట్టుకుపోయాడు. 1960లో రెండు భాషల్లో అచ్చు వేసిన నోటీసు వచ్చింది. వాళ్ళు పన్ను కట్టారు. అంతే కథ. దీన్ని ఉద్యమం అంటామా? ఇద్దరు మనుషులు, ఒక ఖాళీ ఇల్లు.

పెంబ్రోక్‌షైర్ మొదట్లో సముద్రం అందం కంటే నూనె వాసన గుర్తుంటుంది. మిల్‌ఫర్డ్ హేవెన్ రేవు ముఖద్వారంలో 1996 ఫిబ్రవరిలో సీ ఎంప్రెస్ అనే ట్యాంకరు రాళ్ళెక్కి 72,000 టన్నుల ముడిచమురు కక్కింది. అక్కణ్ణుంచి పైకి సెయింట్ డేవిడ్స్. రెండు వేలమంది కూడా లేని ఊరికి 1994లో నగర హోదా ఇచ్చారు. బ్రిటన్‌లో అతి చిన్న నగరం. వేల్స్ రక్షకపురుషుడు డేవిడ్ ఆరో శతాబ్దంలో అక్కడ మఠం కట్టాడు. ఆయన నీళ్ళే తాగేవాడని, ఎడ్లు లేకుండా సన్యాసులే కాడి లాగేవాళ్ళని కథలు. పన్నెండో శతాబ్దంలో పోప్ రెండవ కాలిక్స్టస్ ఇక్కడికి రెండుసార్లు వస్తే రోముకి ఒకసారి వెళ్ళిన పుణ్యమని ప్రకటించాడు. పుణ్యంలో డిస్కౌంటు మన క్షేత్ర మాహాత్మ్యాలకే పరిమితం కాదన్నమాట. డేవిడ్ వేరే ఊళ్ళో ప్రసంగిస్తుంటే వెనకవాళ్ళకి కనపడాలని నేల పైకి లేచి గుట్ట అయిందని ఇంకో మహత్యం. వేల్స్ చరిత్ర రాసిన జాన్ డేవిస్ దీనిమీద చమత్కరించాడు, అడుగడుగునా కొండలున్న ఆ ప్రాంతంలో అంతకంటే అనవసరమైన మహిమ ఊహించలేం అని.

ఫిష్‌గార్డ్ దాటాక తీరం వదిలి చూపు లోపలికి తిప్పితే ప్రెసెలీ కొండలు. పెద్ద ఎత్తేమీ కాదు. ఆ కొండల మనిషి వాల్డో విలియమ్స్ గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, మీరు అనుమతించాలి. 1904లో పుట్టాడు. ఇంట్లో ఇంగ్లీషు. ఏడేళ్ళప్పుడు తండ్రి హెడ్మాస్టరుగా ఆ కొండల కింది ఊరికి మారితే, తోటి పిల్లలతో ఆడుకుంటూ వెల్ష్ నేర్చుకున్నాడు. తర్వాత ఆ భాషలోనే కవి అయ్యాడు. వృత్తి బడిపంతులు. రెండో ప్రపంచ యుద్ధంలో చంపే పనికి రానని ట్రిబ్యునల్ ముందు చెప్పాడు. పెళ్ళైన రెండేళ్ళకే, 1943లో, భార్య చనిపోయింది. యుద్ధం అయ్యాక 1946లో సైన్యం ఆ ప్రెసెలీ కొండల్ని శిక్షణ మైదానంగా తీసుకోబోతే, పాస్టర్లు, పంతుళ్ళు, గొర్రెల రైతులు కలిసి ఎదిరించారు. వాల్డో వాళ్ళ పక్షాన రాశాడు. 1948కల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

తర్వాత కొరియా యుద్ధం వచ్చింది. తన జీతంలోంచి తీసుకునే పన్నుతో అక్కడ ఎవరో పిల్లవాడి మీద బాంబు పడుతుందన్నది ఆయన లెక్క. ఆదాయపు పన్ను కట్టను అన్నాడు. 1953లో క్వేకర్ల సంఘంలో చేరాడు. క్వేకర్ల ప్రార్థనలో పాస్టరుండడు, పాటలుండవు. అందరూ మౌనంగా కూర్చుంటారు, ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి చెబుతారు. అమీనాలు వాల్డో ఇంటికి కూడా వచ్చి సామాను జప్తు చేశారు. పన్ను కట్టనందుకు 1960లో, మళ్ళీ 1961లో జైలుకు పంపారు. మధ్యలో 1956లో ఆయన ఒకే ఒక పెద్ద కవితా సంపుటి అచ్చైంది. 1959లో పార్లమెంటుకు వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రి తరఫున పోటీ చేసి ఓడిపోయాడు. నిర్బంధ సైనిక సేవలో ఉన్న చివరి కుర్రాడు ఇంటికి వచ్చేదాకా పన్ను కట్టనన్నాడు, అలాగే నిలబడ్డాడు. ఆ చివరి కుర్రాడు 1963లో ఇంటికొచ్చాడు.

పన్ను కట్టనివాడు హీరో ఎలా అవుతాడని ఈ సభలో ఎవరైనా అడగవచ్చు. ఆ పన్నుతోనే ఆసుపత్రులూ నడుస్తాయి కదా అని డాక్టరుగా నేనూ అడుగుతాను. వాల్డో చేసింది అందరూ చేస్తే రాజ్యం నడవదు. అది నిజమే. కానీ ఆయన ఒక్కడే శిక్ష అనుభవించాడు, ఎవరి చేతా అనుభవింపజేయలేదు. మన రాజకీయంలో త్యాగం చేయమని పిలుపిచ్చేవాళ్ళు ఎక్కువ, ముందు తన కుర్చీ జప్తుకు పెట్టేవాళ్ళు తక్కువ. నా దృష్టిలో ఆయన విశ్వాసం చేసిన పని అదొక్కటే, దెబ్బ తనమీద పడేలా నిలబడటం నేర్పింది.

కార్డిగాన్ అఖాతం వెంట ఉత్తరానికి పోతుంటే, అబెరిస్ట్‌విత్‌కి కొద్ది మైళ్ళ దక్షిణాన రోడ్డు పక్క ఒక మొండిగోడ. దానిమీద ట్రవెరిన్‌ని గుర్తుంచుకోండి అని వెల్ష్‌లో తెల్లటి అక్షరాలు. 1960ల మొదట్లో ఎవరో కుర్రాడు రాశాడు. అతను తర్వాత పేరున్న సాహిత్య సంపాదకుడు అయ్యాడు, మైక్ స్టీఫెన్స్ అని. ఎన్నిసార్లు చెరిపినా, కూలగొట్టినా మళ్ళీ రాస్తారు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి నీళ్ళు కావాలని ట్రవెరిన్ లోయకు ఆనకట్ట కట్టారు. 1957లో పార్లమెంటు చట్టం చేసినప్పుడు వేల్స్ సభ్యుల్లో ఒక్కరు కూడా అనుకూలంగా ఓటెయ్యలేదు. 1965లో కాపెల్ కెలిన్ అనే ఊరు, దాని బడి, పోస్టాఫీసు, చాపెల్, పన్నెండు ఇళ్ళు, పొలాలు మునిగాయి. 2005లో లివర్‌పూల్ కౌన్సిలు క్షమాపణ చెప్పింది.

ఈ కథ చెబితే తెలుగువాళ్ళు ఎక్కడైనా కళ్ళు చెమరుస్తారు. వెంటనే తెలుగు భాష దుస్థితి మొదలుపెడతారు. ఒక్క క్షణం ఆగమంటాను. గోదావరి మీద కట్టే ప్రాజెక్టు కింద కోయల, కొండరెడ్ల ఊళ్ళు ఖాళీ అవుతున్నప్పుడు మనం ఎవరి స్థానంలో ఉన్నాం? కాపెల్ కెలిన్ స్థానంలో లేం. లివర్‌పూల్ స్థానంలో ఉన్నాం. వేల్స్‌ని చూసి మన భాష కోసం ఏడవడం తేలిక. మన కాగితం తన భాషలో లేదని మన ఆఫీసులో నిలబడే సవర మనిషికి మనమే ఇంగ్లీషువాళ్ళం.

1962 ఫిబ్రవరి 13న సాండర్స్ లూయిస్ అనే నాటకకర్త బీబీసీ వెల్ష్ రేడియోలో ఏటా జరిగే ఉపన్యాసం ఇచ్చాడు. ఇలాగే సాగితే ఇరవయ్యొకటో శతాబ్దం మొదట్లోనే వెల్ష్ జీవభాషగా ముగిసిపోతుందన్నాడు. బీస్లీ దంపతుల్ని చూపించి, అలా చెయ్యండి అన్నాడు. ఆ ఏడే కుర్రాళ్ళు భాషా సంఘం పెట్టారు. 1963 ఫిబ్రవరి 2న అబెరిస్ట్‌విత్‌లో ట్రెవెఖాన్ వంతెన మీద కూర్చుని బళ్ళు ఆపేశారు. 1980లో ప్లైడ్ కమ్రి నాయకుడు గ్విన్‌వోర్ ఎవాన్స్, వెల్ష్ టీవీ చానలు ఇస్తామన్న మాట ప్రభుత్వం తప్పితే చనిపోయేదాకా ఉపవాసం ఉంటానన్నాడు. గాంధీ అంటే ఆయనకు గురి. తేదీ రాకముందే థాచర్ ప్రభుత్వం దిగివచ్చింది. ఆమె దిగివచ్చిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఉపన్యాసాలకు ఇంత శక్తి ఉందని మురిసిపోవద్దు. లూయిస్ ఆ మాట చెప్పడానికి ముందే పాతికేళ్ళ కిందట ఒక ఖర్చు పెట్టాడు. ల్లీన్ ద్వీపకల్పంలో పెనబెర్త్ అనే చోట బాంబులు వేయడం నేర్పే వైమానిక బడి కట్టారు. ఇంగ్లండులో వేరే చోట్ల కడదామంటే హంసలు బెదురుతాయని, పక్షులు చెదురుతాయని అక్కడివాళ్ళు ఒప్పుకోలేదు. వేల్స్‌లో లక్షలమంది వద్దన్నా వినలేదు. పైగా పెనబెర్త్ యాత్రికుల దారిలో ఉన్న పాత ఇల్లు. 1936 సెప్టెంబరు 8 తెల్లవారకముందు లూయిస్, లూయిస్ వాలెంటైన్ అనే బాప్టిస్టు పాస్టరు, డి.జె. విలియమ్స్ అనే బడిపంతులు అక్కడి షెడ్లకు నిప్పుపెట్టారు. నేరుగా పుల్‌హెలి పోలీస్ స్టేషనుకు వెళ్ళి మేమే చేశాం అని చెప్పారు. కార్నార్వన్‌లో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. కేసు లండన్‌కు మార్చారు. తొమ్మిది నెలలు జైలు. లూయిస్ కాలేజీ ఉద్యోగం పోయింది.

సాండర్స్ లూయిస్‌ని నేను మనసారా మెచ్చుకోలేను. జనం అంటే ఆయనకు చులకన ఉండేది, కార్మికుల రాజకీయం పట్టలేదు, యూదుల గురించి రాసిన కొన్ని మాటలు క్షమించరానివి. వాల్డోలో ఉన్న తడి ఆయనలో లేదు. అయినా తెల్లవారకముందే స్టేషన్ మెట్లెక్కిన ఆ నడకను తీసిపారెయ్యలేను.

ఫేర్‌బోర్న్ దగ్గర మాత్రం ఈ చరిత్ర ఏదీ అక్కరకు రాదు. పందొమ్మిదో శతాబ్దం చివర మెక్‌డూగల్ అనే పిండి వ్యాపారి, సముద్రమట్టానికి దాదాపు సమంగా ఉన్న బురదనేల మీద కట్టించిన సముద్రతీరపు ఊరు. గులకరాళ్ళ గట్టు, దానిమీద గోడ. పదేళ్ళ పైచిలుకు కిందట గ్వినెడ్ కౌన్సిలు ఆమోదించిన తీర ప్రణాళికలో, సుమారు 2054 తర్వాత ఆ గట్టును కాపాడలేమని, జనాన్ని తరలించాల్సి వస్తుందని ఉంది. ఆ సంగతి బయటికొచ్చాక ఇళ్ళ ధరలు పడిపోయాయి, బ్యాంకులు అప్పు ఇవ్వడం మానేశాయి. సముద్రం ఇంకా రాలేదు, కాగితం వచ్చింది. ఊరివాళ్ళు తమని వాతావరణ శరణార్థులు అనవద్దంటారు. తోటల్లో పూలు వేస్తూనే ఉన్నారు, ఊరి చిన్న రైలు నడుస్తూనే ఉంది. మన ఉప్పాడలో వీధులకు వీధులు కెరటాల్లో కలిసినప్పుడు అంత ముందుగా చెప్పినవాడు లేడు. చెప్పడం మంచిదా, చెప్పకపోవడం మంచిదా? చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. కాని ప్రభుత్వం గడువు చెప్పి, ఎక్కడికి పోవాలో, ఎవరు డబ్బిస్తారో చెప్పకపోతే అది నిజాయితీ అనిపించుకోదు, చేతులు కడుక్కోవడం అవుతుంది.

ఫేర్‌బోర్న్ వెనక కొండల అవతలి లోయలోనే మేరీ జోన్స్ ఊరు. సండే స్కూల్లో చదివినవాళ్ళకి ఈ పేరు తెలుసు. 1800లో పదిహేనేళ్ళ నేతగాడి కూతురు, ఆరేళ్ళు కూడబెట్టిన డబ్బుతో, పాతిక మైళ్ళు చెప్పుల్లేకుండా నడిచి బాలా వెళ్ళి థామస్ చార్లెస్ అనే పాస్టరు దగ్గర బైబిలు కొనుక్కుంది. ఆ ముచ్చట 1804లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ పుట్టుకకు ప్రేరణ అయిందంటారు. ఆ సొసైటీ పేరు పాత తెలుగు బైబిళ్ళలో చూసినవాళ్ళు ఇక్కడ ఉంటారు. మాస్టారు ఈ కథ పిల్లలకు చెప్పినప్పుడు భక్తి గురించి కాక, ఆ అమ్మాయికి చదవడం నేర్పిన ఉచిత బడి గురించి ఎక్కువ చెప్పేవారు. ఆయన సంగతి మీకు తెలిసిందే.

ల్లీన్ కొసన అబెర్‌డారన్. అక్కడ సముద్రపు గోడను ఆనుకుని సెయింట్ హైవిన్ చర్చి. 1967 నుంచి 1978 దాకా అక్కడ ఆర్.ఎస్. థామస్ పాస్టరు. ఇంగ్లీషులో పెద్ద కవి. ముప్పయ్యో ఏడు దగ్గర పడ్డాక వెల్ష్ నేర్చుకుని, ఆత్మకథ ఆ భాషలో రాశాడు. పక్షుల్ని చూడటం, అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా తిరగడం, జనంతో ముక్తసరిగా మాట్లాడటం ఆయన దినచర్య. ఆయన కవిత్వంలో దేవుడు ఎప్పుడూ, ఎవరో ఇప్పుడే వెళ్ళిపోయిన గదిలా ఉంటాడు. 1979 తర్వాత ఇంగ్లీషువాళ్ళ సెలవుల ఇళ్ళను కొందరు తగలబెట్టినప్పుడు ఆయన వాళ్ళని సమర్థిస్తూ మాట్లాడాడు. ఇక్కడ నేను ఆయనతో లేను. పెనబెర్త్ ముగ్గురూ తగలబెట్టి చిరునామా చెప్పారు, వీళ్ళు చీకట్లో పెట్టి పారిపోయారు. తేడా అంతా అక్కడే ఉంది. అయితే ఆ కోపానికి కారణం నిజమైనదే. ఊరి పిల్లలు ఊళ్ళో ఇల్లు కొనలేరు. ఇప్పుడు చట్టం దారి పట్టింది. 2023 నుంచి కౌన్సిళ్ళు రెండో ఇంటి మీద 300 శాతం దాకా అదనపు పన్ను వేయవచ్చు.

లెక్కలు చెప్పి ముగింపుకు వస్తాను. 2021 జనాభా లెక్కల్లో వేల్స్‌లో ఏ మతమూ లేదన్నవాళ్ళు 46.5 శాతం, క్రైస్తవులు 43.6 శాతం. చాపెళ్ళు ఫ్లాట్లు అయ్యాయి, తివాచీ గోడౌన్లు అయ్యాయి, కొన్ని కూలిపోయాయి. వెల్ష్ వచ్చినవాళ్ళు 5,38,000 మంది, 17.8 శాతం. పదేళ్ళ ముందు కంటే తక్కువ. 2050కి పది లక్షలు చేస్తామని ప్రభుత్వం చెబుతోంది. వెల్ష్ బళ్ళు పెరుగుతున్నాయి, ఆ భాషలో రాప్ పాడే కుర్రాళ్ళున్నారు. చచ్చిపోతుందని లూయిస్ చెప్పిన గడువు దాటి బతికే ఉంది. కాని ఆ పట్టుదలకు వంటిల్లుగా ఉన్న చోటు పోయింది. ఎన్నికలు అయిదేళ్ళకొకసారి, ఫోనులో కోపం అయిదు నిమిషాలకొకసారి. మధ్యలో ఉండాల్సిన వారం లేదు. వేల్స్‌లో లేదు, మన దగ్గరా లేదు. మన భజన మందిరాలు, యువజన సంఘాలు, గ్రంథాలయాలు కూడా అదే దారిన పోయాయి.

పెనబెర్త్ మండిన 1936లోనే మన సరిహద్దు కొండల్లో మంగే గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సోరంగ్ సోంపెంగ్ అనే లిపి చేశాడు. దానికి గుడి కట్టారు, అక్షరాలకు పూజ చేశారు. భక్తి అంటే భక్తి, రాజకీయం అంటే రాజకీయం. ఎవరూ మనకి చెప్పలేదు, మనం అడగలేదు.

కమిటీవారికి ఒక విన్నపం. ఈ హాలు ఏడాదిలో నాలుగైదుసార్లే తెరుస్తున్నారని విన్నాను. ప్రతి ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా తెరవండి. ఉపన్యాసాలు అక్కర్లేదు. పేపర్లు వెయ్యండి. దరఖాస్తు రాయించుకోవాల్సిన వాళ్ళకి రాసిపెట్టడానికి ఇద్దరు రిటైర్డు పంతుళ్ళను కూర్చోబెట్టండి. పక్క వీధి హాస్టల్లో సవర పిల్లలున్నారు, వాళ్ళు వాళ్ళ భాషలో పాడుకోవడానికి రావచ్చని కబురు పంపండి. ఎవరొచ్చారో, ఏం మాట్లాడారో మినిట్సు పుస్తకం మాత్రం తప్పకుండా రాయండి, మాస్టారు అది లేని మీటింగును మీటింగుగా ఒప్పుకునేవారు కాదు. మొదటి ఏడాది కరెంటు బిల్లు నేను కడతాను. వచ్చే ఆదివారమే మొదలుపెడదాం.